సోఫిస్టికేటెడ్: ఒక ఆంగ్ల విశేషణమూ, చైనా విద్యార్థీ

ఇంగ్లీషు నేర్చుకొంటున్న చైనా విద్యార్థికి చదువులో ఎక్కడో సోఫిస్టికేటెడ్ అనే విశేషణం తటస్థపడుతుంది. నిఘంటువు తెరచి చూస్తే అతనికి ఒక అర్థం కాదు, అరడజను అర్థాలు ఎదురవుతాయి. లావ్‌లియన్, అనగా అనుభవం చేత ఆరితేరిన. షిగు, అనగా లోకం పోకడ ఎరిగిన. గావ్‌యా, అనగా ఉన్నతమైన అభిరుచి గల. జింగ్‌మి, అనగా సూక్ష్మంగా, నిశితంగా నిర్మించిన. ఫుజా, అనగా చిక్కుగా అల్లుకొన్న. ఆయుధాలూ యంత్రాలూ ప్రస్తావనకు వచ్చినచోట జియన్‌డువాన్, అనగా మొనవలె అన్నిటికంటె ముందున్న. ఈ ఆరు మాటలలో ఏ రెండూ చైనా భాషలో పర్యాయపదాలు కావు. లావ్‌లియన్ అంటే మెచ్చుకోలు. షిగు అంటే చాలావరకు నింద. ఫుజా అంటే మెచ్చుకోలూ కాదు, నిందా కాదు, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పడం. ఒకే మాట ఒకేసారి మెచ్చుకోలూ నిందా వర్ణనా ఎట్లా కాగలిగినదో నిఘంటువు చెప్పదు. చెప్పడానికి దానిలో చోటూ లేదు.

ఆ సంగతిని ఇక్కడ కొంత విపులంగా చెప్పదలచినాను. చైనా విద్యార్థి గొడవ తెలుగు రచయితలకెందుకని ఎవరైనా అడగవచ్చును. ఈ మాట మన పత్రికలలో తెలుగు లిపి తొడుక్కొని నిత్యమూ తిరుగుతూనే ఉన్నది. నాజూకైన మనిషికీ, ఖరీదైన యంత్రానికీ, అర్థంకాని కవిత్వానికీ దానినే వాడుతున్నాము. మనకు ఇంగ్లీషుతో చాలాకాలపు పరిచయం ఉన్నందువలన ఆ మాట మనకు తెలుసుననే అనుకొంటాము. పరిచయం తక్కువైన చైనా విద్యార్థి అట్లా అనుకోలేడు గనుక అడగవలసిన ప్రశ్నలు అతడే అడుగుతాడు. అతనికి సమాధానం చెప్పబోతే మన అనువాదకులకు కూడా పనికివచ్చే సంగతులు కొన్ని బయటపడతాయి.

ఈ మాటకు మూలం గ్రీకు భాషలో ఉన్నది. సోఫియా అంటే జ్ఞానం, సోఫిస్టు అంటే జ్ఞానవృత్తి గలవాడు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దిలో ప్రొటాగొరస్, గోర్గియస్ మొదలైన పండితులు ఊరూరా తిరుగుతూ, ప్రతిఫలం పుచ్చుకొని, వాదన చేసే విద్యను యువకులకు నేర్పేవారు. వారు ఏథెన్సుకు పరదేశులు, విద్యను అమ్ముకొన్నారు, ఏ పక్షాన్నైనా గెలిపించగలమన్నారు. వారి మీద ప్లేటో సాగించిన యుద్ధం వలన సోఫిస్టు అనే మాటకు కుతర్కవాది అనే మచ్చ పడినది. అరిస్టాటిల్ వారి వాదదోషాలను వింగడించడానికి ఒక గ్రంథమే వ్రాసినాడు. మధ్యయుగాల లాటిను ఆ నామవాచకం నుండి ఒక క్రియను పుట్టించినది. దాని అర్థం మాయ చేయడం, స్వచ్ఛమైనదానిలో వేరొకటి కలపడం. 1400 ప్రాంతంలో ఆ క్రియ ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి సరిపోయే తెలుగు మాట ఒక్కటే: కల్తీ చేయడం.

ఈ సంగతి తెలియగానే చైనా విద్యార్థికి సగం దారి కనిపిస్తుంది. సోఫిస్టికేటెడ్ మద్యం అంటే అప్పుడు నీళ్లో రంగో కలిపిన మద్యం. 1755లో అచ్చయిన జాన్సన్ నిఘంటువు ఈ క్రియకు ఇచ్చినది కల్తీ, కలుషితం అనే అర్థమే. 1820లో ఫ్రెడరిక్ అకమ్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు లండనులో రొట్టెలోనూ బీరులోనూ తేయాకులోనూ జరుగుతున్న కల్తీలను బయటపెడుతూ ఒక గ్రంథం ప్రకటించినాడు. ఆ గ్రంథం సుదీర్ఘనామంలో అడల్టరేషన్ అనే మాటకు తోడుగా సోఫిస్టికేషన్ అనే మాట కూడా ఉన్నది. రెండింటికీ అక్కడ తేడా లేదు. నేటి చైనా విద్యార్థి ఆ పుస్తకం పేరు చదివితే రొట్టె తయారీలో ఏదో అధునాతనమైన పద్ధతి గురించి వ్రాశారని అనుకోగలడు.

ఇంతకంటె పెద్ద ఉదాహరణ షేక్‌స్పియర్ లియర్ రాజు కథలో ఉన్నది. 1605, 1606 ప్రాంతంలో రచించిన ఆ నాటకం మూడవ అంకంలో, తుపాను రాత్రి, రాజ్యం పోగొట్టుకొన్న రాజు ఒంటిమీద బట్టలేని పిచ్చివాని వేషంలో ఉన్న ఎడ్గరును చూస్తాడు. తానూ, తన వెంట ఉన్న కెంటూ, విదూషకుడూ, ముగ్గురూ సోఫిస్టికేటెడ్ మనుషులనీ, ఈ దిగంబరుడే అసలు మనిషనీ అతనికి తోస్తుంది. వెంటనే తన బట్టలను కూడా చించుకోబోతాడు. ఇక్కడ ఆ విశేషణాన్ని నేటి అర్థంలో తీసుకొని సంస్కారవంతులమని అనువదిస్తే రాజు తనను తాను పొగడుకొన్నట్లవుతుంది, దృశ్యమంతా కూలిపోతుంది. పట్టుపురుగు నుండి పట్టూ, గొర్రె నుండి ఉన్నీ అప్పు తెచ్చుకొని తొడుక్కొన్న కల్తీ సరుకు మనిషి అని రాజు భావం.

చైనా భాషలో షేక్‌స్పియర్ నాటకాలు 31 అనువదించి, 1944లో తన 32వ యేట క్షయతో మరణించిన జు షెంగ్‌హావ్ ఈ చోట ఏం చేసినాడో చూడదగినది. అతడు నిఘంటువులోని ఆరు మాటలలో దేనినీ ముట్టుకోలేదు. ఆ ముగ్గురూ తమ అసలు ముఖాన్ని పోగొట్టుకొన్నారనే అర్థం వచ్చేటట్లు విప్పి వ్రాసినాడు. అసలు ముఖం అనేది చైనా ధ్యానసంప్రదాయపు బౌద్ధులు పుట్టుకకు ముందరి స్వరూపాన్ని గురించి వాడిన మాట. ఆంగ్లంలో వర్తకుని కొట్టులో పుట్టిన ఉపమానం చైనాలో విహారంలోకి వచ్చినది. కల్తీ అన్న తిట్టులోని మోటుతనం కొంత పోయినది, నిజమే. కాని రాజు తీర్పు ఏ దిక్కుకు మొగ్గినదో ఆ దిక్కు తప్పలేదు.

ఈ తీర్పు అనేదే నేను చెప్పదలచిన అసలు సంగతి. సోఫిస్టికేటెడ్ అనే మాట వస్తువును వర్ణించి ఊరుకోదు. సహజమైనది మేలా, మనిషి చేయి పడినది మేలా అనే పాత వ్యాజ్యంలో ఒక పక్షాన తీర్పు చెబుతుంది. సుమారు మూడు నాలుగు శతాబ్దాలపాటు ఆ తీర్పు సహజత్వం పక్షాన ఉన్నది. 19వ శతాబ్ది చివరి దశకంలో తారుమారైనది. అప్పటి నుండి సోఫిస్టికేటెడ్ మనిషి అంటే లోకం చూసినవాడు, మాటలోనూ దుస్తులలోనూ భోజనంలోనూ విచక్షణ గలవాడు అనే మెచ్చుకోలు స్థిరపడినది. పెద్ద నగరాలు పెరిగి, పల్లెటూరి అమాయకత్వానికి వెల తగ్గిపోయిన కాలమది. తీర్పు తిరగబడడానికి అదొక కారణమని నా అభిప్రాయం. 1945 ప్రాంతంలో మాట మరొక మెట్టు ఎక్కి యంత్రాలకూ సిద్ధాంతాలకూ అంటుకొన్నది. రాడారునూ క్షిపణినీ గణనయంత్రాన్నీ వర్ణించడానికి అది వచ్చేసరికి కల్తీ వాసన ఎవరి ముక్కుకూ తగలడం లేదు.

చైనా భాషలో ఈ తారుమారు జరగలేదు. చైనా విద్యార్థికి వచ్చే చిక్కంతా ఇక్కడే పుడుతుంది. మనిషి చేయి పడని వస్తువును మెచ్చుకొనడానికి వారికి పుసు అనే మాట ఉన్నది. మొదటి అక్షరం ఇంకా చెక్కని దుంగ. లావ్‌జి బోధనలో అది పరమాదర్శానికి ప్రతీక. రెండవది రంగు వేయని పట్టు. ఇట్లాంటి మాటలు పునాదిలో ఉన్న భాషలో అమాయకత్వానికి పేరు తియన్‌జెన్. ఆ సమాసానికి అక్షరార్థం ఆకాశసత్యం. పసిపిల్లను తియన్‌జెన్ అంటే ముద్దు; పెద్దవాణ్ణి అంటే కొంచెం ఎకసెక్కెం ఉన్నా ఆకాశమూ సత్యమూ ఎక్కడికీ పోవు. ఇంగ్లీషులో దానికి నిఘంటువు చూపించే మాట నయీవ్. ఆ మాటలో ఎకసెక్కెమే మిగిలినది, ఆకాశం లేదు. కాబట్టి చైనా విద్యార్థి తన గురువును నయీవ్ అని ప్రేమతో మెచ్చుకొంటే అది తిట్టవుతుంది. తాను నమ్మని బేరగాణ్ణి సోఫిస్టికేటెడ్ అని నిందిస్తే అది పొగడ్త అవుతుంది. రెండు వాక్యాలలోనూ వ్యాకరణదోషం లేదు. దిద్దే ఉపాధ్యాయుడు గుర్తు పెట్టడానికి అక్కడ అతనికి ఏమీ కనిపించదు.

షిగు అనే మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. షి అంటే మొదట ముప్పై యేండ్ల కాలం, ఒక తరం. ఆ పైన లోకం. గు అంటే జరిగిన వ్యవహారం. లోకవ్యవహారం తెలిసి మెలగడం షిగు. మన లౌక్యం సరిగ్గా ఇదే. లోకం నుండి లౌక్యం పుట్టినట్లే షి నుండి షిగు పుట్టినది. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని రెండు భాషలు ఒకే తాపీతో ఒకే గోడ కట్టినవి. గోడకున్న బీటలు కూడా ఒకటే. లౌక్యం తెలియనివాడంటే మనకు జాలి; వట్టి లౌక్యుడంటే అనుమానం. రెన్‌చింగ్ షిగు అని నామవాచకంగా చెబితే మనుషుల మనస్సులూ లోకం తీరూ తెలియడమనే మంచి అర్థమే వస్తుంది. ఆ మనిషి షిగు అని విశేషణంగా అంటే మాత్రం పట్టు దొరకకుండా జారిపోయేవాడనే నింద తోడవుతుంది. దానికి జంటగా యువాన్‌హువా అనే మాటను కూడా చేరుస్తారు. అక్షరార్థం గుండ్రన, నున్నన.

లూ షున్ 1933లో షిగు సన్‌మెయ్ అనే వ్యాసం వ్రాసినాడు. ఒక మనిషికి షిగు తెలియదన్నా, మితిమించి తెలుసునన్నా రెండూ నిందలే అనే వింత దగ్గర ఆ వ్యాసం మొదలవుతుంది. శీర్షికలోని సన్‌మెయ్ అనేది మన సమాధి శబ్దమే. బౌద్ధ గ్రంథాలతోపాటు హిమాలయాలు దాటి, ఒక విద్యలోని అంతరంగ రహస్యమనే అర్థంతో అక్కడ స్థిరపడినది. ఆ శీర్షికను తెలుగులో లౌక్య సమాధి అంటే వెక్కిరింత ఒక్క పిసరు తగ్గకుండా వస్తుంది. ఇంగ్లీషులో సోఫిస్టికేషన్ అనే మాట పెట్టి ఆ శీర్షికను అనువదిస్తే అది ఏదో మర్యాదల పుస్తకమనిపిస్తుంది. లూ షున్ సమకాలికుడు లిన్ యూతాంగ్ 1935లో తన దేశాన్నీ ప్రజలనూ గురించి ఇంగ్లీషులోనే గ్రంథం వ్రాస్తూ, చైనీయుల స్వభావంలో ముదిరిన లోకజ్ఞతను చెప్పవలసివచ్చినప్పుడు సోఫిస్టికేషన్ అనే మాటతో సరిపెట్టుకోక ఓల్డ్ రోగరీ, అనగా ముసలి గడుసుతనం, అని ఒక ప్రకరణానికి పేరు పెట్టినాడు. రెండు భాషలూ చేతిలో ఉన్నవాడు, నిందను నిందగానే దాటించదలచుకొన్నాడు.

లావ్‌లియన్ చిక్కు వేరు. లావ్ అంటే పాత. లియన్ అంటే మొదట ముడిపట్టును ఉడకబెట్టి జిగురు పోగొట్టి మెత్తగా తెల్లగా చేయడం; ఆ పైన అభ్యాసం. సంస్కృతంలో విదగ్ధుడనే మాట దీనికి చుట్టమే. విదగ్ధం అంటే బాగా కాలినది. కాలి పక్వమైన బుద్ధి గలవాడు విదగ్ధుడు. మన కాకలు తీరినవాడు కూడా నిప్పులో నుంచే వచ్చినాడు. కాని ఈ మూడింటికీ సోఫిస్టికేటెడ్‌కూ మధ్య ఒక గీత ఉన్నది. నలభై యేండ్లు ఉలి పట్టిన వడ్రంగి లావ్‌లియన్. అతని చేతిపని చూసి విదగ్ధమైన పని అనవచ్చును, కాకలు తీరిన పనివాడనీ అనవచ్చును. సోఫిస్టికేటెడ్ అని మాత్రం ఇంగ్లీషువాడు అనడు. ఆ మాటలో నగరం ఉన్నది. పదిమంది కూడిన సభ ఉన్నది. ఏ పాత్రలో ఏ పానీయం పోయాలో తెలిసిన చేయి ఉన్నది. వాత్స్యాయనుడు కామసూత్రాలలో దినచర్యతో సహా వర్ణించిన నాగరకుడు ఈ ఆంగ్ల విశేషణానికి అందరికంటె దగ్గరివాడు. ఆ నాగరక శబ్దాన్ని మనం నాగరికతగా మార్చి, రోడ్లకూ బడులకూ మురుగు కాలువలకూ సరిపోయేటంత వెడల్పు చేసుకొన్నాము. లేకపోతే అనువాదకుడికి ఈ బాధే ఉండేది కాదు.

ఇక ఫుజా. చైనా విద్యార్థులు అన్నిటికంటె ఎక్కువగా తప్పే చోటు ఇది. చిక్కుగా ఉన్నదాన్నంతా సోఫిస్టికేటెడ్ అనేస్తారు. పెకింగు వీధులలోని రద్దీ సోఫిస్టికేటెడ్ అనీ, తమ కుటుంబ తగాదా సోఫిస్టికేటెడ్ అనీ వ్రాస్తారు. చదివిన ఆంగ్లేయుడు ఆ వీధులలో ఏదో అద్భుతమైన ఏర్పాటు జరిగినదనుకొంటాడు. ఆ తగాదాను ఎవరో తెలివిగా పన్నినారనుకొంటాడు. చిక్కుపడిన దారపు ఉండ కాంప్లికేటెడ్. పట్టుచీర అంచులోని నేత సోఫిస్టికేటెడ్. పోగులు రెండింటిలోనూ లెక్కకు మించి ఉన్నవి. మొదటిదానిని ఎవరూ తలచుకొని చేయలేదు. రెండవదాని వెనుక ఒక బుద్ధి పనిచేసినది. కాబట్టి విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: దీనిని ఇట్లా చేసినవారెవరు? సమాధానం దొరికితే ఈ విశేషణం వాడవచ్చును. కొండకూ, వానకూ, రోగానికీ ఆ సమాధానం దొరకదు. దొంగతనానికి దొరుకుతుంది, అందుకే పోలీసులు ఒక మోసాన్ని సోఫిస్టికేటెడ్ అన్నప్పుడు వారు దొంగను పొగడడం లేదు, దాని వెనుక పనితనం ఉన్నదని ఒప్పుకొంటున్నారు.

ఒక వినోదం కూడా ఉన్నది. ఫుజాలోని జా అనే అక్షరానికి మిశ్రమమని అర్థం. అదే అక్షరం చాన్‌జా అనే క్రియలో కల్తీ కలపడాన్ని సూచిస్తుంది. అనగా నేటి అర్థానికి సరిపడని ఫుజా, ఆంగ్లపదం పాత అర్థానికి తెలియకుండానే చెయ్యి చాపుతున్నది. జింగ్‌మిలోని జింగ్ మొదట దంచి, ఏరి, శుభ్రపరచిన బియ్యం. మిశ్రమానికి పూర్తిగా ఎదురు. ఒకే మాటకు నిఘంటువు ఒక పంక్తిలో కల్తీనీ, కల్తీ లేని బియ్యాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టినది.

మనిషి చేయి పడడం మేలా కీడా అనే తీర్పు ఇంగ్లీషులోనే కాదు, ఎక్కడైనా తిరగబడగలదు. మన సంస్కృత శబ్దాలనే చూడండి. కృత్రిమం, సంస్కృతం, రెండూ చేయడమనే ఒకే ధాతువు నుండి వచ్చినవి. ఒకటి బూటకమైనది, మరొకటి ఒక మహాభాషకే పేరయినది. ప్రకృతిసిద్ధమైన ప్రాకృతం మాత్రం ఎదిగి ఎదిగి ప్రాకృతజనం, మోటుజనం దగ్గరకు దిగినది. చైనాలో వెయ్ అనే అక్షరాన్ని మనిషి, చేయడం అనే రెండు గుర్తులు కలిపి వ్రాస్తారు. నేడు దానికి బూటకమని అర్థం. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దిలో షున్‌జి దానిని గొప్ప అర్థంలో వాడినాడు: మనిషి స్వభావం చెడ్డది, మంచి అనేది అతడు పూనుకొని చేసిన వెయ్ వలన వస్తుందని అతని సిద్ధాంతం. అనగా ఆ మాట మెచ్చుకోలు నుండి నిందకు దిగినది, ఆంగ్లపదం నింద నుండి మెచ్చుకోలుకు ఎక్కినది. షున్‌జిని చదివిన చైనా విద్యార్థికి సోఫిస్టికేటెడ్ చరిత్ర నిమిషంలో బోధపడుతుంది. ఆ ఉదాహరణ అతని పాఠ్యపుస్తకంలో ఎందుకు ఉండదో నాకు తెలియదు, ఉండదగినది.

ప్రయోగం గురించి నాలుగు మాటలు. ఉచ్చారణలో ఊత రెండవ అక్షరం మీద పడుతుంది. చివరి ప్రత్యయాన్ని చూసి ఇది ఇంకా క్రియారూపమనుకోకూడదు. నేటి వాడుకలో ఆ క్రియ దాదాపు లేదు, విశేషణమే మిగిలినది. తారతమ్యం చెప్పడానికి మోర్, మోస్ట్ అనే మాటలు ముందు చేరుతాయి. చైనా భాషలో విశేషణం వాక్యం చివర నిలిచినప్పుడు ముందు హెన్ అనే మాట అలవాటుగా వస్తుంది. దానికి అర్థం మిక్కిలి అనే అయినా అక్కడ దానికి బరువు ఉండదు. దానిని ప్రతిసారీ వెరీ అని తర్జుమా చేస్తే ఇంగ్లీషులో బరువు నిజంగానే పెరిగిపోతుంది. టూ అనే మాట ముందుకు వస్తే పాత నింద తల ఎత్తుతుంది. నాజూకు హద్దు మీరినదని అర్థం. అన్‌సోఫిస్టికేటెడ్ అనేది నేడు చిన్నచూపు. 18వ, 19వ శతాబ్దుల వచనంలో అదే మాట ఒక పల్లెపడుచు గురించి వస్తే గొప్ప ప్రశంస కావచ్చును. పుస్తకం అచ్చయిన సంవత్సరం చూడకుండా ఈ మాటకు అర్థం చెప్పడం సాహసం. తోబుట్టువైన సోఫిస్ట్రీకి ఈ అదృష్టం పట్టలేదు. అది కుతర్కంగానే మిగిలిపోయినది. చైనా భాషలో దానికి గుయ్‌బియన్ అని వేరే మాట ఉన్నందువలన, జింగ్‌మి అని ఒకచోట, గుయ్‌బియన్ అని మరొకచోట చదివే విద్యార్థికి ఈ రెండూ ఒక తల్లి బిడ్డలని ఎన్నడూ అనుమానం రాదు. ఆంగ్లేయుని చెవికి మాత్రం ఆ పోలిక ఎప్పుడూ సన్నగా వినిపిస్తూనే ఉంటుంది.

తెలుగు అనువాదకుని సంగతికి వస్తే, అతని ముందున్న మాటలు కూడా తక్కువేమీ కావు: లౌక్యం, గడుసుతనం, జాణతనం, నాజూకు, ప్రౌఢి, వైదగ్ధ్యం, నిశితం, జటిలం. ఒక అమెరికన్ నవలలోని నాయికకు రచయిత ఈ విశేషణం తగిలించినప్పుడు గడుసుది అంటే ఆమె శీలం మీద రచయిత వేయని మచ్చ మనం వేసినట్లవుతుంది. నాగరికురాలు అంటే నాలుగక్షరాలు చదువుకొన్నదని మాత్రమే తెలుస్తుంది. జాణ అంటే గొంతును బట్టి పొగడ్తా కావచ్చు, పరువు తీయడమూ కావచ్చు. అచ్చులో గొంతు వినిపించదు. విదగ్ధ అంటే అర్థం సరిపోతుంది గాని ఆమె అమెరికాలో కాక అలంకారశాస్త్రంలో తిరుగుతున్నట్లుంటుంది. నా మట్టుకు, విశేషణాన్ని వదిలి, ఆమె ఏం చేసినదో ఒక చిన్న వాక్యంలో చెప్పడమే మేలని తోస్తుంది. మాట స్థానంలో మాటే పడాలన్న పట్టుదల ఇట్లాంటి చోట్ల మూలానికీ మేలు చేయదు, మనకూ చేయదు. హక్స్‌లీ గ్రంథాన్ని 1898లో తియన్ యెన్ లున్ అనే పేరుతో చైనా భాషలోకి తెచ్చిన యెన్ ఫూ, తన పీఠికలో అనువాదానికి విశ్వసనీయత, సుబోధకత, సొగసు అనే మూడు కష్టాలున్నవన్నాడు. ఒక్కొక్క పరిభాషను స్థిరపరచడానికి రోజులూ వారాలూ తటపటాయించినానని కూడా అక్కడే చెప్పుకొన్నాడు. తీర్పు తిరగబడిన మాటల దగ్గర ఆ కష్టాలు మూడూ ఒక్కసారే వచ్చి మీద పడతాయి.

కల్తీ అనే పాత అర్థం పూర్తిగా అంతరించినదని కూడా అనుకోరాదు. అపురూపమైన పాత పుస్తకాలు అమ్మే ఆంగ్ల వ్యాపారుల పట్టికలలో అది నేటికీ బ్రతికి ఉన్నది. ఒక ప్రతిలో పోయిన పత్రాల స్థానంలో మరొక ప్రతి నుండి తీసిన పత్రాలు చేర్చి, నిండు ప్రతివలె కనిపించేటట్లు చేస్తే ఆ ప్రతిని సోఫిస్టికేటెడ్ అంటారు. జాన్ కార్టర్ 1952లో ప్రకటించిన గ్రంథసేకర్తల పదకోశంలో దానిని బూటకపు మరమ్మతుకు పెట్టిన మర్యాదపేరుగా వివరించినాడు. చైనాలో ఇదే పనికి మరొక ముఖం ఉన్నది. షాంఘైలోని కమర్షియల్ ప్రెస్ పక్షాన జాంగ్ యువాన్‌జి 1930 నుండి 1937 వరకు ఇరవై నాలుగు రాజవంశ చరిత్రలను, ఎక్కడెక్కడి పాత ప్రతులలోని భాగాలనో కూర్చి అచ్చువేయించినాడు. దానిని బైనా ప్రతి అంటారు, అనగా నూరు అతుకుల ప్రతి. అతుకులంటే బౌద్ధ భిక్షువు కంథకు వేసిన అతుకులు. అక్కడ ఏ భాగం ఏ ప్రతిలోనిదో చెప్పి అతికినారు. ఆంగ్ల వ్యాపారి పట్టికలోని ప్రతికి చెప్పకుండా అతికినారు. ఆ పట్టికలోని విశేషణాన్ని చైనా విద్యార్థి జింగ్‌మి అని చదువుకొంటే డబ్బు నష్టపోతాడు. బైనా అని అనువదిస్తే అతికినవానికి లేని గౌరవం కట్టబెట్టినవాడవుతాడు. వేరే ప్రతుల పత్రాలు చేర్చి నిండుగా కనిపించేటట్లు చేసినదని ఒక వాక్యంలో విప్పి వ్రాసుకోవలసినదే, జు షెంగ్‌హావ్ లియర్ రాజు మాటను విప్పి వ్రాసినట్లు.